పాత తెలుగు పుస్తకాన్ని చెడగొట్టకుండా నెట్‌లో పెట్టడం ఎలా

ఇంట్లో అటక మీద ఒక పాత పుస్తకం దొరుకుతుంది. లేదా ఊళ్ళో సాహితీ సంస్థ వాళ్ళు పాతికేళ్ళ కిందట వేసిన సంచిక తాలూకు పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు ఏ సీడీలోనో బయటపడుతుంది. దాన్ని నెట్‌లో పెడదాం అనుకోగానే చాలామందికి రెండే దారులు తోస్తాయి. ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి వదిలేయడం ఒకటి. మొదటినుంచీ టైపు చేయించి, పనిలో పనిగా భాష కూడా కాస్త "బాగుచేసి" పెట్టడం ఇంకొకటి. మొదటిదాన్ని లోపలి మాటలతో వెతికి ఎవరూ పట్టుకోలేరు. రెండోది చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ అది ఆ పుస్తకం కాదు.

మూడో దారి మరమ్మతు. పెంకుటిల్లు కారుతుంటే పనివాడు గదిలో చుక్క పడిన చోట నిలబడి పైకి చూసి ఊరుకోడు. నీళ్ళు వాసం వెంట ఎంత దూరం జారి వచ్చాయో చూసి, పగిలిన పెంకు ఎక్కడుందో అక్కడే కొత్తది పెడతాడు. పాఠంతోనూ అదే పని. తప్పు కనబడిన చోటు వేరు, అది పుట్టిన చోటు వేరు. పుట్టిన చోటు తెలిశాకే చెయ్యి పెట్టాలి. కింద చెప్పేదంతా దాని కోసమే.

హక్కుల సంగతి ముందే తేల్చుకోండి

మన దేశంలో రచయిత బతికుండగా అచ్చయిన రచనకు, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళ వరకు కాపీరైట్ ఉంటుంది. 1965లో చనిపోయినవారి రచనలు 2026 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. అంతకంటే తర్వాతివారైతే వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఫోన్‌లో "అలాగేనండి" అంటే చాలదు. ముందుమాట రాసినాయన, బొమ్మలు వేసినాయన వేరే మనుషులు, వాళ్ళ హక్కులు కూడా వేరే అని మర్చిపోవద్దు. పుస్తకం స్వేచ్ఛగా ఉండి, ముందుమాట మాత్రం ఇంకా కాపీరైట్‌లో ఉండటం మామూలే. అప్పుడు ముందుమాట వదిలేసి, వదిలేశామని ఒక వాక్యం రాయండి.

అసలు ప్రతిని ముట్టుకోకండి

ఫైలైతే రెండు కాపీలు తీసి వేర్వేరు చోట్ల పెట్టండి. పని చేసేది మూడో కాపీ మీద. ఆ ఫైలు తెరుచుకునే పాత కంప్యూటర్ ఏ డీటీపీ సెంటర్లోనైనా ఇంకా నడుస్తుంటే, అక్కడే అసలు ఫాంట్లతో తెరిపించి పీడీఎఫ్ చేయించుకోండి. ఈ ఒక్క పని ఆలస్యం చేయవద్దు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఆ మిషన్ ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. రేపు యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చాక ఏదైనా మాట అనుమానంగా కనిపిస్తే, పోల్చి చూసుకోడానికి మీ చేతిలో ఉండేది ఆ పీడీఎఫ్ ఒక్కటే.

అచ్చు పుస్తకమైతే స్కాన్ చేయించి, పేజీల లెక్క చూడండి. ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు వాడుకుంటున్నా సరే, లెక్క మాత్రం చూడాలి. వాటిలో కొన్నింటిలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, కొన్నింటిలో ఒకే పేజీ రెండుసార్లు వస్తుంది, అంచు అక్షరాలు తెగిపోతాయి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలాపడితే అలా రాసి ఉంటుంది కాబట్టి, ఒక స్పెల్లింగ్‌తో దొరకని పుస్తకం ఇంకో స్పెల్లింగ్‌తో దొరకవచ్చు. అంతా అయ్యాక 112వ పేజీ లేదని తెలిస్తే వచ్చే టెన్షన్ కంటే, ముందే ఒక సాయంత్రం కూర్చుని పేజీలు లెక్కపెట్టడం నయం.

ఇది ఎన్నో కూర్పు (ఎడిషన్) అన్నది కూడా ఇక్కడే రాసి పెట్టుకోండి. గురజాడ కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది. 1909లో వచ్చిన రెండో కూర్పులో ఆయన నాటకాన్ని బాగా పెంచి, మార్చి రాశారు. ఈ రెండింటినీ కలగలిపి ఒక "సరైన పాఠం" తయారుచేస్తే అది గురజాడ ఏనాడూ రాయని నాటకం అవుతుంది. మీ పుస్తకం అంత పేరున్నది కాకపోవచ్చు. అయినా ఒక కూర్పును ఎంచుకుని దానికే కట్టుబడండి.

అక్షరాలు బయటికి తీయడం

డీటీపీ సెంటర్లలో వాడే "అను" అనే ఫాంట్లో "అ" అనేది కంప్యూటర్‌కు "అ" కాదు. ఇంగ్లీషు అక్షరానికో గుర్తుకో తొడిగిన తెలుగు బొమ్మ. అందుకే ఆ ఫాంట్ లేని చోట అంతా పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉంది. కానీ మన డీటీపీ ప్రపంచం ఆ తర్వాత చాలా ఏళ్ళు బొమ్మల మీదే నడిచింది. మార్చడానికి ఉచిత కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. అను 6, అను 7 అమరికలు ఒకటి కావు. తప్పు వెర్షన్ ఎంచుకుంటే సగం మాటలు సరిగా వచ్చి సగం చెడతాయి, సరిగ్గా వచ్చినవి చూసి మనం మోసపోతాం. ముందు ఒక్క పేరా మార్చి చూడండి. మధ్యలో ఇంగ్లీషు మాటలు, అంకెలు ఉంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు బొమ్మలే అనుకుని ఏవో అక్షరాలుగా మార్చేస్తుంది. వాటిని పీడీఎఫ్ చూసి చేత్తో సరిచేయాల్సిందే.

స్కాన్ నుంచి అయితే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే పద్ధతి. గూగుల్ డ్రైవ్‌లో పేజీ బొమ్మను డాక్‌గా తెరిస్తే తెలుగు పాఠం వస్తుంది. టెస్సెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కూ తెలుగు ఉంది. శుభ్రమైన అచ్చయితే ఫలితం బాగానే ఉంటుంది, సిరా అలుక్కుపోయిన లెటర్‌ప్రెస్ పుస్తకమైతే ఓపిక కావాలి.

తప్పు ఎవరిదో తేల్చడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మీ ముందున్న పాఠంలో "కధ" అని ఉంది. దిద్దాలా? స్కాన్ చూడండి. స్కాన్‌లో "కథ" అని ఉంటే తప్పు ఓసీఆర్‌ది, అంటే మనది. మారుమాట లేకుండా దిద్దేయండి. స్కాన్‌లోనే "కధ" అని ఉండి, మిగతా పుస్తకమంతా "కథ" అని ఉంటే అది ప్రెస్సులో అక్షరాలు పేర్చిన కంపోజిటర్ పొరపాటు. దిద్దవచ్చు, కానీ దిద్దామని ఎక్కడో రాయాలి. పుస్తకమంతా "కధ", "అర్ధం" అనే ఉంటే అది ఆ రచయిత లేదా ఆ ప్రెస్సు అలవాటు. అలాంటి పుస్తకాలు మనకు కొల్లలు. దాన్ని అలాగే వదిలేయండి. కనబడింది ఒకే తప్పు, కానీ పుట్టిన చోటును బట్టి చికిత్స మూడు రకాలు. స్పెల్‌చెక్‌కు ఈ తేడా తెలియదు. ఏఐకి ఇచ్చి "తప్పులు దిద్దు" అన్నా తెలియదు. అది మూడింటినీ ఒకే గాటన కట్టి దిద్దేస్తుంది, పైగా నచ్చని వాక్యాన్ని చెప్పకుండా తిరగరాసే ప్రమాదం కూడా ఉంది. అనుమానాస్పదమైన మాటల జాబితా తీయమని అడగండి. దిద్దే చెయ్యి మాత్రం మీదే ఉండాలి.

పాత పుస్తకాల్లో మొదట్లోనో చివరనో తప్పొప్పుల పట్టిక ఉంటుంది. పని మొదలుపెట్టేటప్పుడే దాన్ని వెతకండి. అవి ప్రచురించినవాళ్ళే ఒప్పుకున్న తప్పులు కాబట్టి పాఠంలో దిద్దేయవచ్చు. పట్టికను కూడా ఉన్నదున్నట్టు చివర ఉంచండి. కొందరు దిద్దేశాక పట్టిక ఎందుకని తీసేస్తారు. నాకైతే ఆ పట్టిక పుస్తకంలో భాగమే, అందులో ఆ ప్రెస్సు పనితనం కనిపిస్తుంది.

తరచూ వచ్చే మన తప్పులు

ఇవి యంత్రం వల్లో కీబోర్డు వల్లో వచ్చినవి. దాదాపు ప్రతి పాఠంలోనూ ఉంటాయి.

సున్నా మొదటి దొంగ. "ం" అనేది అనుస్వారం, "౦" అనేది తెలుగు అంకె. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, వెతికేటప్పుడు మాత్రం "వంశ౦" అని ఉన్న చోటు "వంశం" అంటే దొరకదు. ఇంగ్లీషు ఓ అక్షరాన్ని సున్నాగా కొట్టేసినవాళ్ళూ ఉన్నారు. పట్టుకునే ఉపాయం: కర్సర్‌ను బాణం కీతో జరపండి. అసలైన సున్నా అయితే అక్షరంతో కలిపి ఒకేసారి దాటుతుంది, అంకె అయితే మధ్యలో ఆగుతుంది. విసర్గ కూడా ఇంతే. "దుఃఖం" బదులు కోలన్ పెట్టి "దు:ఖం", "అంత:పురం" అని కొడతారు. రెండు తెలుగు అక్షరాల మధ్య ఖాళీ లేకుండా ఉన్న కోలన్లను మాత్రమే వెతికి మార్చండి. "పేరు:" తర్వాత ఉన్నది నిజమైన కోలనే.

"ఋ" ఓసీఆర్‌కు "బు"గా కనిపిస్తుంది. ఋషి బుషి అవుతాడు, ఋతువు బుతువు అవుతుంది. అలాగని "బు" అన్నచోటల్లా "ఋ" పెట్టమని రీప్లేస్ ఆల్ నొక్కారో, బుద్ధి కాస్తా ఋద్ధి అయి కూర్చుంటుంది. మాట మాటగా వెతకండి. ప, వ, ష తారుమారు కావడం, ఘ, ఫ కలగాపులగం కావడం, ద, ధ, థ ఒకదాని చోట ఒకటి రావడం ప్రతి పేజీలో చూస్తారు.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు "ట్" పొల్లుగా నిలబడాలంటే దాని తర్వాత ఒక అదృశ్య అక్షరం పడాలి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని ఒత్తుగా కలిసిపోతుంది. కన్వర్టర్లు దీన్ని అక్కర్లేని చోట పెడతాయి, కావలసిన చోట మింగేస్తాయి. "హైదరాబాద్‌లో", "హైదరాబాద్లో" అన్నవి చాలా వెతుకుడు పెట్టెలకు రెండు వేర్వేరు మాటలు. మాట చివర ఊరికే వేలాడుతున్నవి తీసేయండి, పొల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చే చోట మాత్రం ఉంచండి.

పాత లిపిని ఏం చేయాలి

వందేళ్ళ కిందటి పుస్తకంలో "ధర్మము" అన్నది "ధమ౯ము" లాగా కనిపిస్తుంది. మధ్యలో "మ" పక్కన ఉన్న ఆ గుర్తు వలపలగిలక, "ర్"ను అలా రాసేవారు. ఓసీఆర్ దాన్ని తొమ్మిది అంకెగా చదువుతుంది. దీన్ని "ధర్మము" అని మార్చేయడమే సరి అని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ ఉన్న అక్షరాలు ర, మ లే, రాసిన ఆకారం ఒక్కటే వేరు. ఆకారం ఫాంటు పని. అదే లెక్కన అరసున్నను, బండి ఱను మాత్రం తీయకండి. వాటి వెనక ఒక అక్షరం, ఒక వ్యాకరణం ఉన్నాయి. ఒకసారి తీసేస్తే తర్వాతివాళ్ళు మళ్ళీ పెట్టలేరు. నకారపొల్లుకు (పాత అచ్చులో "న్"కు వాడిన ప్రత్యేక ఆకారానికి) 2021లో యూనికోడ్ 14లో విడిగా చోటు దొరికింది గానీ, చాలా ఫోన్లలోని ఫాంట్లలో అది ఇంకా లేదు. చదివేవారికి డబ్బా కనిపించడం కంటే మామూలు "న్" నయం. ఏది మార్చారో, ఏది మార్చలేదో ముందు పేజీలో నాలుగు వాక్యాల్లో చెప్పండి.

పద్యాలుంటే మీ చేతిలో మంచి కొలబద్ద ఉన్నట్టే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, పదకొండో అక్షరం దగ్గర. మత్తేభానికి 20, పద్నాలుగో దగ్గర. శార్దూలానికి 19, పదమూడో దగ్గర. పాదంలో అక్షరాలు లెక్కపెడితే ఓసీఆర్ మింగిన అక్షరం వెంటనే బయటపడుతుంది. రెండో అక్షరం ప్రాస కుదరకపోతే తప్పు అక్కడే ఉంది. అయితే ఛందస్సు ఒక అక్షరం పోయిందని చెబుతుందే తప్ప పోయింది ఏ అక్షరమో చెప్పదు. చెదలు తిన్న చోట అందంగా సరిపోయే మాట ఒకటి మనకు తట్టినా అది మనదే. చదరపు కుండలీకరణాల్లో చుక్కలు పెట్టి వదిలేయండి, ఇంకో ప్రతి దొరికితే నింపవచ్చు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని చేయించిన పని కూడా ఇదే. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు రాయించడం.

ఇద్దరు కూర్చుని చదవండి

దిద్దినవాడి కంటికి తన తప్పు కనబడదు. పూర్వం ప్రెస్సుల్లో ప్రూఫ్‌రీడర్ పక్కన ఒక కాపీహోల్డర్ ఉండేవాడు. ఒకరు పైకి చదివితే ఒకరు చూసేవారు. పుస్తకాల పాఠాన్ని ఎవరైనా ఎక్కించి దిద్దగల తెలుగు వికీసోర్స్ సైటులోనూ అదే పద్ధతి. అక్కడ ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి వస్తుంది, వేరొకరు మళ్ళీ సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. దిద్దినవాళ్ళే ఆకుపచ్చ చేసుకోవడం కుదరదు. మీ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని స్కాన్ చదివించండి, మీరు తెర మీద చూడండి. ఎవరూ దొరక్కపోతే ఫోన్‌లో తెలుగు చదివే గొంతు ఉంది కదా, దానికి అప్పజెప్పండి. "బుషి" అని పైకి వినబడితే ఎంత పరధ్యానంలో ఉన్నా ఉలిక్కిపడతారు. చూపు లేని పాఠకులు మీ పుస్తకాన్ని చదివేది కూడా ఆ గొంతుతోనే. బొమ్మల పీడీఎఫ్ వాళ్ళకు ఉత్త ఖాళీ కాగితం.

పెట్టేటప్పుడు

పుస్తకం పేరు, రచయిత, కూర్పు, సంవత్సరం, ప్రెస్సు, స్కాన్ ఎక్కడిది, ఏమేం మార్చారు. ఇవన్నీ మొదటి పేజీలో ఉండాలి. అచ్చు పేజీ నంబర్లను పాఠంలో చిన్నగా నిలపండి. లేకపోతే ఎవరో 47వ పేజీ అని ఉదహరించింది మీ ప్రతిలో దొరకదు. పంక్తి చివర విరిగిన మాటలను కలిపేయండి. పంక్తుల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి, మన ఒత్తులు, గుడులు ఒకదానికొకటి తగులుతాయి. రెండు అంచులూ సమానంగా లాగే జస్టిఫై వద్దు. తెలుగు మాటలు పొడుగు, ఫోన్ తెర ఇరుకు, మాటల మధ్య పెద్దపెద్ద గుంటలు పడతాయి.

పేజీ వెబ్ చిరునామా తెలుగులో ఉంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అసలు రంగు బయటపడుతుంది. చాలాచోట్ల ఒక్కో సంకేతం పర్సెంట్ గుర్తులతో 9 గుర్తులుగా విడిపోతుంది. "తెలుగు" అన్న మాటలో అక్షరాలు, గుణింతాలు కలిపి 6 సంకేతాలు, అంటే 54 గుర్తులు. పొట్టి ఇంగ్లీషు అక్షరాల చిరునామా పెట్టి, దాన్ని ఇక మార్చకండి. సైటు డిజైన్ మార్చినా, వేరే చోటికి తరలించినా, పాత చిరునామా కొత్తదాని దగ్గరికి తీసుకెళ్ళేలా రీడైరెక్ట్ పెట్టండి.

పెట్టిన తర్వాత

తప్పులు ఇంకా ఉంటాయి. పాఠకులు చెబుతారు, కొందరు కాస్త ఘాటుగానే. ప్రతిదానికీ స్కాన్ చూసి, పైన చెప్పినట్టు ఎవరి తప్పో తేల్చి జవాబివ్వండి. "అచ్చులో అలాగే ఉందండి, అందుకే దిద్దలేదు" అన్నది కూడా మంచి జవాబే. ఓసీఆర్ చిల్లర తప్పులు దిద్దినప్పుడు ప్రకటన అక్కర్లేదు. అర్థం మారే దిద్దుబాటు అయితే, అంటే పేరు, సంవత్సరం, "కాదు" పోయి "అవును" అయిన వాక్యం లాంటివైతే, తేదీతో సహా పేజీ కింద రాయండి. పాత పాఠాన్ని అప్పటికే ఎవరో తమ వ్యాసంలో ఎత్తి రాసి ఉండవచ్చు, వాళ్ళకు మార్పు తెలియాలి.

పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ (ఆర్కైవ్.ఆర్గ్) వారి వేబ్యాక్ మెషిన్‌లో, అంటే వెబ్ పేజీల ప్రతులు దాచే చోట, భద్రపరచండి, 2001 నుంచి అది అందరికీ ఉచితం. మీ వివరణల్లో బయటి లింకులు ఇచ్చి ఉంటే ఏడాదికోసారి నొక్కి చూడండి. పనిచేయని లింకును తీసేయకుండా, దాని పక్కనే ఆర్కైవ్ ప్రతి లింకు పెట్టండి.

చివరగా ఒక మాట డబ్బు గురించి. సొంత సైటు అయితే డొమైన్ రెన్యువల్ ఎవరి కార్డు మీద నడుస్తోందో, పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో ఇంకో మనిషికి తెలిసి ఉండాలి. లేదంటే మీ ఫోన్ నంబరు మారిన ఏడాదే సైటు మాయమవుతుంది. హక్కులు తీరిన పుస్తకమైతే స్కాన్‌ను ఆర్కైవ్.ఆర్గ్‌లో, పాఠాన్ని వికీసోర్స్‌లో కూడా పెట్టండి. స్కాన్, పాత ఫైలు, దాని ఫాంట్లు, దిద్దిన పాఠం, మార్పుల జాబితా, అన్నీ ఒకే ఫోల్డర్లో వేసి ఇద్దరికి పంపండి. అందులో ఒకరు మీకంటే కనీసం ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళయి ఉండేలా చూసుకోండి.